ఆర్కిటెక్ట్ ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? ముందు ఏ ఆఫీసో తేల్చుకోండి, పోర్ట్‌ఫోలియో తర్వాత

బీఆర్క్ అయిదేళ్లు పూర్తయ్యాక చాలామంది చేసే మొదటి పని ఒక పోర్ట్‌ఫోలియో తయారు చేసి, దొరికిన ప్రతి ఆఫీసుకూ అదే పీడీఎఫ్ పంపడం. జవాబు రాకపోతే ఫాంట్ మారుస్తారు, కవర్ పేజీ మారుస్తారు. లోపం సాధారణంగా అక్కడ ఉండదు. హైదరాబాద్‌లో ఆర్కిటెక్టులను తీసుకునే ఆఫీసులు స్థూలంగా నాలుగు రకాలు. ఒక రకం ఆఫీసు ఆగి చూసే పేజీని ఇంకో రకం ఆఫీసు చూడకుండానే తిప్పేస్తుంది. వాళ్లు పెట్టే టెస్టు వేరు, అడిగే ప్రశ్నలు వేరు, ఆ ఉద్యోగంలో మూడేళ్లకు మీ చేతికి వచ్చే పని కూడా వేరు. విజయవాడ, విశాఖల్లో ఆఫీసుల సంఖ్య తక్కువే కానీ రకాలు ఇవే.

నాలుగు రకాల ఆఫీసులు

మొదటిది చిన్న డిజైన్ స్టూడియో. అయిదుగురి నుంచి ఇరవై మంది దాకా ఉంటారు. విల్లాలు, ఫామ్‌హౌస్‌లు, స్కూళ్లు, చిన్న ఆఫీసులు, ఇంటీరియర్లు చేస్తారు. ఇంటర్వ్యూ చేసేది నేరుగా ప్రిన్సిపల్ ఆర్కిటెక్టే. మీరు ఎలా ఆలోచిస్తారు, పెన్సిల్ పట్టి గీయగలరా, ఎండలో సైటుకు వెళ్లమంటే వెళ్తారా అన్నవే ఆయనకో ఆమెకో కావాలి. సాఫ్ట్‌వేర్ల చిట్టా చివర్లో చూస్తారు, ఒక్కోసారి అసలే చూడరు.

రెండోది పెద్ద ఆఫీసు. ఐటీ క్యాంపస్‌లు, ఆస్పత్రులు, మాల్స్, యూనివర్సిటీలు వీళ్ల పని. ముందు హెచ్‌ఆర్ మాట్లాడతారు, తర్వాత టీమ్ లీడ్, ఆ పైన డైరెక్టర్. స్ట్రక్చరల్, ప్లంబింగ్, ఎలక్ట్రికల్, ఏసీ కన్సల్టెంట్లతో కలిసి డ్రాయింగులు సరిచూసే ఓపిక ఉందా అన్నది ఇక్కడ ముఖ్యం. పెద్ద ప్రాజెక్టులో మీ వాటాకు టాయిలెట్ బ్లాకో, ఫసాడ్‌లో (భవనం బయటి ముఖంలో) ఒక భాగమో వస్తుంది. ఏడాదంతా అదే చేయాల్సి రావచ్చు.

మూడోది బిల్డర్ల సొంత డిజైన్ విభాగం. డిజైన్ చాలాసార్లు బయటి ఆర్కిటెక్ట్ చేస్తారు, లోపలి టీమ్ దాన్ని అమ్మకానికి, అనుమతులకు, సైటుకు సరిపడేలా మలుస్తుంది. చదరపు అడుగుల లెక్క, పార్కింగ్, వాస్తు ఇక్కడ ఊపిరితో సమానం.

నాలుగోది బిమ్ ఆఫీసు. బిమ్ అంటే బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్, భవనాన్ని కంప్యూటర్‌లో త్రీడీ మోడల్‌గా కట్టడం. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా ప్రాజెక్టులకు రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మోడళ్లు, డ్రాయింగులు తయారు చేసి పంపుతారు. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఇవి ఎక్కువ. పనిలో వేగం, శుభ్రత చూస్తారు. మీ థీసిస్ కాన్సెప్ట్ ఎంత గొప్పదైనా ఇక్కడ దానికి మార్కులు లేవు.

ప్రభుత్వ టౌన్ ప్లానింగ్ పోస్టుల సంగతి ఇందులో కలపడం లేదు. అక్కడ రాతపరీక్షే తేల్చేది, పోర్ట్‌ఫోలియోతో పని లేదు. ఆ దారి కావాలంటే తయారీయే వేరు.

ప్రింటా, పీడీఎఫా, ట్యాబా?

స్టూడియోకు ఏ3 ప్రింట్ తీసుకెళ్లండి. టేబుల్ మీద పరిచి వెనక్కీ ముందుకీ తిప్పుతూ మాట్లాడటం వాళ్లకు అలవాటు. 130 జీఎస్ఎం మ్యాట్ కాగితం చాలు. బైండింగ్ పూర్తిగా తెరుచుకునేలా వైరోలో (తీగ చుట్టలతో) చేయించండి. అతికించిన బైండింగ్ అయితే మధ్య మడత ప్లాన్‌ను మింగేస్తుంది. నల్ల బ్యాక్‌గ్రౌండ్ పేజీలు వద్దు, వేలిముద్రలు పడతాయి. స్క్రీన్ మీద వెలిగిపోయే రెండర్ (కంప్యూటర్‌లో తీసిన భవనం బొమ్మ) కాగితం మీద కనీసం ఒక ఛాయ ముదురుగా వస్తుంది. అందుకే మొత్తం ప్రింట్ ఇచ్చే ముందు ఒక్క పేజీ తీయించి చూసుకుని, నీడలను కాస్త తేలిక చేయండి.

పెద్ద ఆఫీసులో మీ పీడీఎఫ్‌ను వాళ్ల మీటింగ్ రూమ్ స్క్రీన్ మీదే తెరుస్తారు. ఇక్కడ రెండు చోట్ల దెబ్బ పడుతుంది. మొదటిది సైజు. 10 ఎంబీ లోపు ఉంచండి. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే ఫైల్ డ్రైవ్ లింకుగా మారిపోతుంది. అనుమతి ఇవ్వడం మరిచిపోతే అవతలివాళ్లకు కనిపించేది 'యాక్సెస్ రిక్వెస్ట్' పేజీ మాత్రమే, దాన్ని నొక్కి మీ జవాబు కోసం ఎదురుచూసే తీరిక ఎవరికీ ఉండదు. రెండోది డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ నుంచి వచ్చిన హ్యాచ్‌లు, అంటే గోడలు, నేలలు నింపే గీతల నమూనాలు. సైజు చిన్నదే అయినా వేల గీతలున్న పేజీ తెరుచుకోవడానికి పది సెకన్లు తీసుకుంటుంది, గీతలు ఒక్కొక్కటిగా వచ్చి పడుతుంటాయి. అలాంటి పేజీలను 200 నుంచి 300 డీపీఐ బొమ్మగా మార్చి పీడీఎఫ్‌లో పెట్టండి.

ట్యాబ్ ఒక్కరికి చూపించడానికి బాగుంటుంది. ఎదురుగా ముగ్గురు కూర్చుంటే పనికిరాదు. బిహాన్స్ లాంటి పోర్ట్‌ఫోలియో వెబ్‌సైట్లలో పేజీ పెట్టుకోవడం మంచిదే, రెజ్యూమేలో ఒక లింకు ఉంటుంది. కానీ అది పీడీఎఫ్‌కు బదులు కాదు.

బిల్డర్ దగ్గరకు, బిమ్ ఆఫీసుకు మాత్రం అందమైన పోర్ట్‌ఫోలియో కంటే నాలుగైదు ఏ3 షీట్ల సెట్టు ఎక్కువ పని చేస్తుంది. టైటిల్ బ్లాక్, డైమెన్షన్లు, లెవెళ్లు, నోట్స్ అన్నీ ఉన్న నిజమైన డ్రాయింగ్ షీట్లు. రెవిట్ ఫైలే పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్దామనుకుంటే ఒక చిక్కుంది. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైల్ పాత వెర్షన్‌లో తెరుచుకోదు, వెనక్కి సేవ్ చేసే వీలూ లేదు. అందుకే షీట్ల పీడీఎఫ్, ప్రాజెక్ట్ బ్రౌజర్ కనిపించే స్క్రీన్‌షాట్ తప్పకుండా ఉండాలి. ఆ బ్రౌజర్‌లో వ్యూలకు పెట్టిన పేర్లు చూసే మీ పనితీరు సగం అంచనా వేస్తారు.

ఏ ప్రాజెక్టులు పెట్టాలి

పెళ్లి ఆల్బమ్ మందాన పోర్ట్‌ఫోలియో ఎవరూ పూర్తిగా చూడరు. 16 నుంచి 20 పేజీలు, నాలుగు ప్రాజెక్టులు చాలు.

స్టూడియోకైతే థీసిస్ నాలుగు పేజీలు, చేత్తో గీసినవి రెండు పేజీలు, మోడల్ ఫొటోలు, కాలేజీలో చేసిన మెజర్డ్ డ్రాయింగ్ ఒకటి. పాత దేవిడీయో, మెట్ల బావో, మండువా లోగిలి ఇల్లో కొలిచి గీసినది ఉంటే దాన్ని ముందు పేజీల్లో పెట్టండి. ఉన్నదాన్ని ఓపిగ్గా చూడగలరన్నదానికి అంతకంటే మంచి రుజువు లేదు. పెద్ద ఆఫీసుకైతే క్రమం తిరగేయండి. ఇంటర్న్‌షిప్‌లో చేసిన వర్కింగ్ డ్రాయింగులు ముందు, థీసిస్ రెండు పేజీలకు కుదించి వెనక. ఒక టాయిలెట్ డీటెయిల్, ఒక సీలింగ్ ప్లాన్, ఒక డోర్ షెడ్యూల్ ఉంటే మాట్లాడటానికి వాళ్లకు విషయం దొరుకుతుంది.

ఇంటర్న్‌షిప్ చేసిన ఆఫీసు డ్రాయింగులు వాడే ముందు వాళ్లను అడిగి అనుమతి తీసుకోండి. క్లయింట్ పేరు, చిరునామా తీసేయండి. ప్రతి ప్రాజెక్టు కింద మీరు చేసిందేమిటో ఒక్క వాక్యంలో రాయండి: 'మెట్ల సెక్షన్లు, కిటికీ వివరాలు నావి, ప్లాన్ ఆఫీసుది.' హైదరాబాద్‌లో ఈ రంగం చాలా చిన్నది. ఆ ప్రాజెక్టు ఎవరు చేశారో ఎదురుగా కూర్చున్నవారికి తెలిసే అవకాశం ఎక్కువ.

దాదాపు ప్రతి పోర్ట్‌ఫోలియోలో కనిపించే తప్పు స్కేలు. ఏ1 షీటు మీద 1:100లో గీసిన ప్లాన్‌ను ఏ3కు కుదిస్తే పొడవులు సగమవుతాయి, అంటే అది ఇప్పుడు 1:200. కింద మాత్రం '1:100' అని అలాగే ఉంటుంది. జేబులోంచి స్కేలు తీసి కొలిచే పాతకాలపు ఆర్కిటెక్టులు ఇంకా ఉన్నారు. అంకె తీసేసి గీత స్కేలు (మీటర్లు గుర్తుపెట్టిన గీత) పెట్టండి, ఎంత కుదించినా అది సరిగానే ఉంటుంది. రెండోది గీతల మందం. కోసిన గోడ 0.5 మి.మీ., కనిపించే అంచులు 0.25, డైమెన్షన్లు, హ్యాచ్‌లు 0.13 ఉండాలి. అన్నీ ఒకే మందంలో ఉంటే ప్లాన్ చదవడానికే కళ్లు లాగుతాయి.

థీసిస్ మీద ప్రశ్నలు కాన్సెప్ట్ గురించి వస్తాయనుకుని వెళ్తారు. స్టూడియోలో కూడా మొదటి ప్రశ్న తరచుగా 'ఈ హాలులో కాలమ్‌లు ఎక్కడ?' అనే ఉంటుంది. 9 మీటర్ల స్పాన్ (రెండు కాలమ్‌ల మధ్య దూరం) పెట్టారనుకోండి. స్పాన్‌లో పన్నెండో వంతు అన్న మోటు లెక్కన ఆర్‌సీసీ బీమ్ లోతు 750 మి.మీ. వస్తుంది. అంతస్తు ఎత్తు 3 మీటర్లే అయితే బీమ్ కింద మిగిలేది 2.25 మీటర్లు. ఏసీ డక్టు ఎక్కడ నుంచి వెళ్తుంది? మీ థీసిస్‌లో పెద్ద స్పాన్‌లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టి, ఒక్కోదానికి ఈ చిన్న లెక్క వేసుకుని వెళ్లండి.

టెస్టులు: ఇక్కడే తేలేది

స్టూడియోల్లో అరగంట చేతి స్కెచ్ టెస్టు సాధారణం. బాగా ఇష్టంగా అడిగేది మెట్లు. ఇలా అనుకోండి: 'ఇండిపెండెంట్ ఇల్లు. అంతస్తు ఎత్తు 3 మీటర్లు. మెట్ల గది లోపలి కొలత 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు. డాగ్‌లెగ్డ్ మెట్లు ప్లాన్, సెక్షన్ గీయండి.' అంటే సగం ఎత్తులో ల్యాండింగ్ దగ్గర వెనక్కి తిరిగే మెట్లు.

చాలామంది చేతికి మొదట వచ్చేది 150 మి.మీ. రైజర్ (మెట్టు ఎత్తు), 300 మి.మీ. ట్రెడ్ (అడుగు పెట్టే వెడల్పు). 3000ను 150తో భాగిస్తే 20 రైజర్లు, ఒక్కో ఫ్లైట్‌కు (మెట్ల వరుసకు) 10. ఇక్కడ మొదటి గొయ్యి. పదో రైజర్ ఎక్కితే ల్యాండింగ్ మీదే ఉంటారు, కాబట్టి ట్రెడ్‌లు 9 మాత్రమే. పది గీసినవాళ్ల ప్లాన్‌కూ సెక్షన్‌కూ పొంతన కుదరదు. సరే, 9 ట్రెడ్‌లు 2700, రెండు చివరలా ల్యాండింగ్ 1200 చొప్పున 2400, మొత్తం 5100. గది 5000. వంద మిల్లీమీటర్లు చాలలేదు.

ఇప్పుడు మీరేం చేస్తారన్నదే టెస్టు. ల్యాండింగ్‌ను కుదించేవాళ్లుంటారు. అది తప్పుడు దారి, ల్యాండింగ్ ఫ్లైట్ వెడల్పు కంటే తగ్గకూడదు. ఇంకొందరు ట్రెడ్ 250 చేస్తారు. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ఇళ్లకు కనీస ట్రెడ్ 250, గరిష్ఠ రైజర్ 190 అంటుంది, కాబట్టి నియమం తప్పలేదు. కానీ రెండు రైజర్లు, ఒక ట్రెడ్ కలిపితే 600కు అటూఇటూ రావాలన్న పాత కొలమానంతో చూస్తే 550 వస్తుంది. అడుగు సాగదు, దిగేటప్పుడు మడమ గీసుకుంటుంది. మెరుగైన జవాబు 18 రైజర్లు: ఒక్కోటి 166.7 మి.మీ., ఫ్లైట్‌కు 9 రైజర్లు, 8 ట్రెడ్‌లు. 300 చొప్పున 2400, ల్యాండింగులతో కలిపి 4800. గదిలో ఇమిడి 200 మి.మీ. మిగులుతుంది. వెడల్పులో 1200 చొప్పున రెండు ఫ్లైట్లు, మధ్య 100 ఖాళీ, సరిగ్గా 2500. ఇంట్లో పెద్దవాళ్లున్నారని చెబితే 150 రైజరే ఉంచి ట్రెడ్ 270 చేయవచ్చు, 4830లో పడుతుంది. ఏది ఎంచుకున్నా ఎందుకో నోటితో చెప్పండి. మౌనంగా గీసిన సరైన జవాబు కంటే, బిగ్గరగా ఆలోచిస్తూ సవరించుకున్న జవాబుకే విలువ.

సెక్షన్‌లో ఇంకో గొయ్యి ఉంది. మిడ్ ల్యాండింగ్ 1500 ఎత్తులో ఉంటుంది. 150 మందం స్లాబ్ తీసేస్తే కింద 1350. అక్కడ టాయిలెట్టో, బయటికి తలుపో చూపించినవాళ్లు మనిషి నిలబడలేని చోటు గీసినట్టే. కోడ్ అడిగే తల ఎత్తు 2.2 మీటర్లు. కింద మోటారు, స్టోర్ అని రాయండి, లేదా మొదటి ఫ్లైట్‌లో మెట్లు పెంచి ల్యాండింగ్‌ను పైకి జరపండి.

బిమ్ ఆఫీసుల టెస్టు వేరు. ఒక పీడీఎఫ్ ఇచ్చి రెండు మూడు గంటల్లో రెవిట్‌లో కట్టమంటారు. తొందరపడి గోడలతో మొదలుపెట్టకండి. ముందు లెవెళ్లు, గ్రిడ్‌లు, తర్వాత గోడలు. గోడ పై అంచును ఎత్తు అంకెతో వదిలేయకుండా పై లెవెల్‌కు కట్టండి. టెస్టు అయ్యాక రెండో లెవెల్‌ను 300 మి.మీ. పైకి జరిపి చూసే అలవాటు కొందరు పరీక్షకులకు ఉంటుంది. సరిగా కట్టిన మోడల్ మొత్తం కదులుతుంది, లేనిచోట గోడలకూ స్లాబుకూ మధ్య సందు తెరుచుకుంటుంది. తలుపు ఫ్యామిలీ (రెవిట్‌లో సిద్ధంగా ఉండే భాగం) దొరకలేదని డీటెయిల్ లైన్లతో బొమ్మ గీయడం, ఇన్‌-ప్లేస్ మోడళ్లతో (అక్కడికక్కడే చేసిన విడి భాగాలతో) సర్దేయడం వెంటనే దొరికిపోయే తప్పులు. సమయం చాలకపోతే మొత్తం అరకొరగా చేయకుండా, ఒక అంతస్తు పూర్తిచేసి, వ్యూ టెంప్లేట్ పెట్టి, షీటు మీద అమర్చి ఇవ్వండి.

అమెరికా ప్రాజెక్టు ఇస్తే కొలతలు అడుగులు, అంగుళాల్లో ఉంటాయి. గోడలు ఇటుకవి కావు. 3⅝ అంగుళాల మెటల్ స్టడ్ (గోడ లోపలి నిలువు లోహపు చట్రం), రెండు వైపులా ⅝ అంగుళాల జిప్సం బోర్డు లాంటివి. మన అలవాటులో 9 అంగుళాల గోడ పెట్టేసి, డైమెన్షన్లు పూతదాకా తీసుకుంటారు. అక్కడ స్టడ్ అంచు దాకా కొలవమన్నారా, పూర్తయిన గోడ అంచు దాకానా అన్నది నోట్స్‌లో ఉంటుంది. చదవకపోతే మోడల్ అంతటా అదే తేడా పేరుకుపోతుంది.

బిల్డర్ ఆఫీసులో సాధారణంగా ఒక త్రీ బీహెచ్‌కే యూనిట్ ప్లాన్ ఇస్తారు. వంటగది ఆగ్నేయం, మాస్టర్ బెడ్‌రూమ్ నైరుతి, పూజ ఈశాన్యం, ఈశాన్యంలో టాయిలెట్ లేకుండా. వాస్తు మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు, ఇక్కడ వాదనకు దిగకండి. అది కొనేవాళ్ల షరతు, బిల్డర్ చేతిలో లేదు. అసలు కిటుకు ఇది: తూర్పు ముఖం యూనిట్‌ను తిరగేసి పడమర ముఖం యూనిట్ చేయమంటారు. ఆటోక్యాడ్‌లో మిర్రర్ కొడితే ఆగ్నేయంలోని వంటగది నైరుతికి వెళ్తుంది. ఉత్తర దక్షిణాలు తారుమారైతే ఈశాన్యంలో పడుతుంది. రెండూ కుదరవు. వాయవ్యంలో వంటగదిని చాలామంది ఒప్పుకుంటారు కాబట్టి పడమర యూనిట్‌ను వేరుగానే ఆలోచించాలి. మిర్రర్ కొట్టి ఊరుకోకుండా ఈ మాట చెప్పగలిగితే అక్కడ సగం పని అయిపోయినట్టే.

కార్పెట్ ఏరియా (ఫ్లాట్ లోపల వాడుకోగల విస్తీర్ణం) అడగకుండా వదలరు. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రేరా) ప్రకారం బయటి గోడలు, సర్వీస్ షాఫ్ట్‌లు (పైపులు వెళ్లే నిలువు సందులు), ఆ ఫ్లాట్‌కే చెందిన బాల్కనీ, ఓపెన్ టెర్రస్ అందులోకి రావు. లోపలి అడ్డుగోడలు వస్తాయి. చాలామంది అడ్డుగోడల్ని కూడా తీసేసి లెక్క తప్పుతారు. అమ్మే విస్తీర్ణం 1800 చదరపు అడుగులై, కార్పెట్ 1260 వస్తే అది 70 శాతం. ఈ అంకెను నోటి లెక్కతో చెప్పగలగాలి. 200 గజాలంటే 1800 చదరపు అడుగులు, దాదాపు 167 చదరపు మీటర్లు, ఎకరం 4840 గజాలు అన్నవీ అంతే.

పెద్ద ఆఫీసుల్లో టెస్టు ఉండొచ్చు, లేకపోవచ్చు. ఉంటే ఆటోక్యాడ్‌లో ఒక టాయిలెట్ బ్లాకు, లేదా ఇచ్చిన డ్రాయింగులో తప్పులు పట్టడం. రెండోదానికి మంచి సాధన: పాత డ్రాయింగు సెట్టు ఒకటి తీసుకుని ఆర్కిటెక్చరల్ ప్లాన్ మీద స్ట్రక్చరల్ ప్లాన్ పెట్టి చూడండి. తలుపు దగ్గర కాలమ్, షాఫ్ట్ మధ్యలో బీమ్, ఇలాంటివి మూడు నాలుగైనా దొరుకుతాయి.

నియమాల్లో ఎంత చదవాలి

హైదరాబాద్‌లో భవన నిర్మాణ నియమాలకు ఆధారం 2012 నాటి జీవో 168. ఆ నియమాల కింద 18 మీటర్లు, ఆ పైన ఉంటే హైరైజ్ భవనం. రోడ్డు వెడల్పు, ఎత్తు, సెట్‌బ్యాక్‌లే (ప్లాటు హద్దు నుంచి వదలాల్సిన ఖాళీలే) ఎంత కట్టవచ్చో తేలుస్తాయి. బెంగళూరు, ముంబై కాలేజీల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ 'ఎఫ్‌ఎస్‌ఐ ఎంత?' (ప్లాటు విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చు) అని మొదలుపెడతారు, ఇంటర్వ్యూ చేసేవాళ్లు నవ్వుకుంటారు. అనుమతుల వైపు తెలంగాణలో 2020 నాటి బీపాస్ చట్టం తెలియాలి: 500 చదరపు మీటర్ల దాకా ప్లాటు, 10 మీటర్ల దాకా ఎత్తు ఉంటే స్వీయ ధ్రువీకరణతో అనుమతి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి జీవో 119. రెండు చోట్లా సవరణలు వస్తూనే ఉంటాయి, ఇంటర్వ్యూకి ముందురోజు తాజా జీవోలు ఒకసారి చూసుకోండి.

స్టూడియోకు ఇదంతా అక్కర్లేదు, సెట్‌బ్యాక్ పట్టిక ఒక్కటి తెలిస్తే చాలు. బిల్డర్‌కు పూర్తిగా కావాలి. బిమ్ ఆఫీసుకు అసలు అవసరం లేదు.

'ఈ ఊళ్లో మీకు నచ్చిన భవనం ఏది?' అన్న ప్రశ్న స్టూడియోల్లోనూ పెద్ద ఆఫీసుల్లోనూ వస్తుంది. పత్రికల్లో చూసిన విదేశీ భవనం చెబితే మాట అక్కడే ఆగుతుంది. మీరు లోపల తిరిగినదే చెప్పండి. కొండాపూర్ దగ్గరి సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను తీసుకుంటే మధ్యలో ప్రాంగణం, జాలీ గోడలు, గాలి గోపురాలు, పైకప్పు మీద పచ్చిక, ఒక్కోటి ఏం పని చేస్తుందో చెప్పుకుంటూ పోవచ్చు. 2004లో తెరిచిన ఆ భవనం అమెరికా బయట లీడ్ ప్లాటినం (పర్యావరణహిత భవనాలకు ఇచ్చే అత్యున్నత రేటింగ్) అందుకున్న మొదటిది. ఈ సంగతి చెబితే మంచిదే, కానీ మధ్యాహ్నం ఆ ప్రాంగణంలో నీడ ఎక్కడ పడుతుందో చెబితే ఇంకా మంచిది.

ఎవరికి ఏది నప్పుతుంది

కొత్తగా కాలేజీ వదిలినవాళ్లకు మా సలహా సూటిగానే ఉంటుంది: ఇంటి పరిస్థితి అనుమతిస్తే మొదటి రెండేళ్లు పది మంది దాకా ఉన్న, సైట్లు నడుస్తున్న స్టూడియో. జీతం తక్కువ, ఆదివారాలు పోతాయి, జీతాల తేదీ కూడా కొన్నిచోట్ల అటూఇటూ అవుతుంది. అయినా ఒక ఇల్లు స్కెచ్ నుంచి గృహప్రవేశం దాకా చూసే అవకాశం మిగతా మూడు చోట్లా దొరకదు. అయితే స్టూడియో పేరు చూసి వెళ్లొద్దు. ప్రస్తుతం ఎన్ని సైట్లు నడుస్తున్నాయి, కొత్తగా చేరినవాళ్లు ఎన్ని రోజులకొకసారి సైటుకు వెళ్తారు అని అడగండి. రెండర్లు మాత్రమే చేయించుకునే స్టూడియో కంటే బిమ్ ఆఫీసు నయం.

చదువు అప్పు వాయిదాలు మొదలైనవాళ్లకు బిమ్ ఆఫీసు తప్పు కాదు. మొదటి జీతం మెరుగు, పని వేళలు కాస్త స్థిరం, గల్ఫ్‌కో ఇంకో దేశానికో వెళ్లాలనుకుంటే రెవిట్ అనుభవం నేరుగా అక్కరకొస్తుంది. చెల్లించే మూల్యం కూడా తెలుసుకోండి: మూడేళ్ల తర్వాత డిజైన్ వైపు రావాలంటే స్టూడియోలు మిమ్మల్ని దాదాపు కొత్తవాళ్లుగానే లెక్కిస్తాయి. ఆ దారి తెరిచి ఉంచుకోవాలంటే సెలవుల్లో బంధువుల ఇల్లో, చిన్న ఇంటీరియరో ఒకటి సొంతంగా చేసి పోర్ట్‌ఫోలియోలో పెట్టండి.

రెండు మూడేళ్ల స్టూడియో అనుభవం ఉన్నవాళ్లకు పెద్ద ఆఫీసు సరైన సమయంలో వస్తుంది. సైటు తెలిసిన మనిషి కోఆర్డినేషన్‌లో వేరుగా కనిపిస్తారు. నేరుగా కాలేజీ నుంచి అక్కడికి వెళ్లినవాళ్లు కొన్నాళ్లకు డోర్ షెడ్యూళ్ల నిపుణులై మిగిలిపోయే ప్రమాదం ఉంది. బిల్డర్ ఆఫీసు సొంత ప్రాక్టీసు పెట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుంది. అనుమతులు, కాంట్రాక్టర్లు, డబ్బు ఎలా తిరుగుతాయో అక్కడే కనిపిస్తుంది. కానీ అది మూడో ఉద్యోగంగా బాగుంటుంది, మొదటిదిగా కాదు.

చేరే ముందు కాగితాలు

కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ ఇంకా రాకపోతే రెజ్యూమేలో పేరు ముందు 'ఆర్కిటెక్ట్' అని రాసుకోకండి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం రిజిస్టరైనవాళ్లే ఆ పేరు వాడాలి. 'ఆర్కిటెక్చర్ గ్రాడ్యుయేట్' అంటే చాలు. రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసి ఉంటే ఆ మాట కింద రాయండి.

జీతం మాట వచ్చినప్పుడు నెలకు చేతికి ఎంత వస్తుందో అడగండి, ఏడాది ప్యాకేజీ అంకె విని ఊరుకోకండి. ప్రొబేషన్ ఎన్ని నెలలు, ఆ తర్వాత ఎంత పెరుగుతుంది, సైటుకు వెళ్లే పెట్రోలు ఎవరిది, శనివారాలు సెలవా కాదా, ఇవన్నీ ఆఫర్ లెటర్‌లో ఉండాలి. చేసిన పనిని మీ పోర్ట్‌ఫోలియోలో వాడుకోవచ్చా అన్నది కూడా చేరే రోజే అడిగి రాయించుకోండి. మానేసే రోజు అడిగితే ఎవరూ ఇవ్వరు.

కొన్ని చోట్ల రెండేళ్ల బాండు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతారు. బాండులో కట్టాల్సిన మొత్తం, నోటీసు కాలం ఎంతో చదివి, కుదరకపోతే అక్కడే తగ్గించమనండి. ఒరిజినల్స్ మాత్రం సరిచూసుకోవడానికి చూపించి, అదే రోజు వెనక్కి తెచ్చుకోండి. సంతకం చేసిన జిరాక్సు ఇస్తే సరిపోతుంది. దానికి ఒప్పుకోని ఆఫీసులో చేరకండి. రిజిస్ట్రేషన్‌కు, ఎంఆర్క్ అడ్మిషన్‌కు, వీసాకు ఆ కాగితాలు మళ్లీ మీకే కావాలి.